వాన సూచన తప్పిందనే ముందు

వాతావరణ శాఖ వాన అంటే ఎండ కాస్తుంది, వాన లేదంటే గొడుగు తీసుకెళ్లాలి అనే మాట తెలుగునాట పాతుకుపోయింది. బస్టాపులో, ఆఫీసులో, పెళ్లి పందిట్లో ఎవరన్నా కాదనేవారు ఉండరు. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవన్న సామెత దానికి పెద్దరికం తెచ్చిపెట్టింది. నలుగురూ తలూపినంత మాత్రాన మాట నిజమైపోదు. సూచన చెప్పేది ఒకటి, జనం వినేది మరొకటి కావడం వల్ల పుట్టిన అపవాదు ఇది. తప్పిందని తిట్టుకున్న సూచనల్లో చాలావాటిని తీసి మళ్లీ చదివితే, అవి చెప్పినట్టే జరిగిందని తేలుతుంది. ఇది ఊసుపోక చెప్పే కబుర్లకే పరిమితమైతే పట్టించుకోనక్కర్లేదు. పొంగే వాగులోకి బండి దించేవాడి ధైర్యానికి కూడా ఇదే ఆసరా అవుతోంది కనుక ఖండించక తప్పదు.

భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడింది. హైదరాబాద్, అమరావతి కేంద్రాలు రెండు తెలుగు రాష్ట్రాలకు రోజూ సూచనలు ఇస్తాయి. అలాంటి ఒక సూచనలో నాలుగు సంగతులుంటాయి: ఎంత మేర ప్రాంతంలో, ఏ గంట నుంచి ఏ గంట వరకు, ఎంత వాన, ఎంత అవకాశం. వినేవారి చెవికి చేరేసరికి నాలుగూ పోయి ‘రేపు వాన’ అన్న రెండు మాటలే మిగులుతాయి. ఆ రెండు మాటలు కూడా ‘రేపు మా వీధిలో, నేను బయటున్నప్పుడు వాన’ అన్న అర్థంలోకి జారిపోతాయి. అటువంటి హామీ ఏ కేంద్రమూ ఇవ్వలేదు. ఇవ్వని హామీ నిలబెట్టుకోలేదని నిందించడం న్యాయం కాదు.

ముందు కాలం సంగతి. వాతావరణ శాఖ లెక్కలో రోజు అర్ధరాత్రి మారదు. ఉదయం 8:30కు మొదలై మర్నాడు ఉదయం 8:30కు ముగుస్తుంది. వానమాపకాల్లో పడిన నీటిని కొలిచి 24 గంటల లెక్క కట్టేది ఆ వేళకే. సూచన గడువు కూడా అదే. బుధవారానికి చెప్పిన వాన గురువారం తెల్లవారుజామున మూడింటికి కురిస్తే సూచన నిలిచినట్టే. బుధవారమంతా రెయిన్‌కోటు మోసి, రాత్రి నిద్రపోయి, పొద్దున్నే తడి వాకిలి చూసినవారు మాత్రం ‘నిన్న పడుతుందన్నారు, పడలేదు’ అంటారు. పేపర్లో వచ్చే వర్షపాతం పట్టికల్లో మంగళవారం సాయంత్రం వాన బుధవారం తేదీ కింద కనిపించడానికి కారణమూ ఇదే. సీజన్‌లో రోజూ వార్తలు చదివేవారిలో కూడా ఈ ఒక్క సంగతి ఎరిగినవారు తక్కువ.

తర్వాత చోటు. హెచ్చరికలు ఎక్కువగా జిల్లాల వారీగా వస్తాయి. రంగారెడ్డి జిల్లా విస్తీర్ణం సుమారు 5,000 చదరపు కిలోమీటర్లు. అందులో గచ్చిబౌలి ఉంది, షాద్‌నగర్ ఉంది, ఇబ్రహీంపట్నం ఉంది. ఒక ఉరుముల మేఘం అడుగుభాగం ఐదు నుంచి పది కిలోమీటర్ల వెడల్పు మించకపోవచ్చు. అంటే అలాంటి మేఘాలు నాలుగైదు లేచి కురిసి పోయినా జిల్లాలో అత్యధిక భాగం పొడిగానే ఉంటుంది. అందుకే సూచనల్లో ‘ఒకటి రెండు చోట్ల’, ‘కొన్ని చోట్ల’, ‘చాలా చోట్ల’, ‘దాదాపు అన్ని చోట్ల’ అని రాస్తారు. ఇవి వాక్యం నిండడానికి వేసే మాటలు కావు, వీటికి కొలత ఉంది. ఒకటి రెండు చోట్ల అంటే ఆ ప్రాంతంలోని వానమాపక కేంద్రాల్లో నాలుగో వంతు వరకు మాత్రమే వాన నమోదు కావచ్చని. దాదాపు అన్ని చోట్ల అంటే నాలుగింట మూడు వంతులకు పైగా. మొదటి మాట ఉన్న రోజున తన ఊళ్లో చుక్క పడకపోవడమే మామూలు. రెండో మాట ఉన్న రోజున పడకపోతేనే వింత. రెండింటినీ ఒకే గాటన కట్టి ‘వాన అన్నారు’ అనడం చదివినవారి అజాగ్రత్త.

అవకాశం దగ్గర గందరగోళం ఇంకా ఎక్కువ. ఇంగ్లిష్ బులెటిన్లలో ‘లైక్లీ’ అన్న మాటకు కొలత 25 నుంచి 50 శాతం. ‘వెరీ లైక్లీ’ అంటే 50 నుంచి 75, ‘మోస్ట్ లైక్లీ’ అంటే అంతకు మించి. తెలుగులోకి వచ్చేసరికి మూడూ కలిసి ‘కురిసే అవకాశం ఉంది’ అయిపోతాయి. టీవీ కింది పట్టీలో అది ‘రేపు కుండపోత’గా మారుతుంది. మొదట చెప్పినవారు పడకపోవడానికే ఎక్కువ వీలున్న స్థితిని గురించి మాట్లాడారు. చివర చదివినవారు ఖాయమైన వాన కోసం ఎదురుచూశారు. నడుమ జరిగిన వక్రీకరణకు నింద మాత్రం మొదటివారి మీద పడుతోంది.

పరిమాణానికీ ఖచ్చితమైన మెట్లు ఉన్నాయి. 24 గంటల్లో 2.5 నుంచి 15.5 మిల్లీమీటర్ల వరకు తేలికపాటి, 64.4 వరకు మోస్తరు, 64.5 నుంచి 115.5 వరకు భారీ, 204.4 వరకు అతి భారీ, ఆపైన అత్యంత భారీ వర్షం. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీరు. భారీ వర్షం మొదటి మెట్టులోనే చిన్న డాబా మీద కూడా వేల లీటర్ల నీరు పడుతుంది. రంగులు ఈ మెట్లకు మారుపేర్లన్నది మరో అపోహ. ఆకుపచ్చకు హెచ్చరిక లేదు. పసుపు రంగు కనిపిస్తే తాజా కబురు చూసుకుంటూ ఉండాలి, నారింజ కనిపిస్తే సిద్ధంగా ఉండాలి, ఎరుపు కనిపిస్తే కదలాలి. ఎంత వాన పడొచ్చన్నదానితో పాటు అది పడితే అక్కడ ఎంత నష్టం జరగొచ్చు, జరిగే అవకాశం ఎంత అన్నవి కూడా కలిపి రంగు నిర్ణయిస్తారు. ఎల్లో అలర్ట్ రోజున ఎండ కాసిందని ఎవరైనా అంటే, ఆ రంగు వానను వాగ్దానం చేయలేదని గుర్తుచేయాలి.

ఫోన్ యాప్‌లు ఈ గందరగోళానికి శాతాలు జోడించాయి. 30 శాతం వాన అంటే రోజులో 30 శాతం సేపు పడుతుందని కొందరు, ఊళ్లో 30 శాతం మేర పడుతుందని కొందరు, ఓ మోస్తరు జల్లు అని ఇంకొందరు అనుకుంటారు. ఇది తెలుగువారికే ఉన్న తికమక కాదు. మనస్తత్వవేత్త గెర్డ్ గిగెరెంజర్ బృందం 2005లో ప్రచురించిన పరిశోధనలో ఆమ్‌స్టర్‌డామ్, ఏథెన్స్, బెర్లిన్, మిలన్, న్యూయార్క్ వాసులను ఇదే ప్రశ్న అడిగితే, సరైన అర్థాన్ని ఎక్కువమంది చెప్పిన నగరం న్యూయార్క్ ఒక్కటే. అమెరికాలో 1960ల నడిమి నుంచే శాతాల్లో సూచన ఇస్తున్నారు, అక్కడివారికి అది అలవాటు. అసలు అర్థం సులువైనదే: ఇవాళ్టిలాంటి స్థితి ఉన్న రోజులు వంద తీసుకుంటే వాటిలో 30 రోజుల్లో అక్కడ వాన పడుతుంది. కాబట్టి 30 శాతం అన్న రోజున వాన పడినా సూచన తప్పదు, పడకపోయినా తప్పదు. 30 శాతం అన్న రోజులన్నీ ఏరి లెక్కవేసినప్పుడు వాటిలో 60 రోజులు తడిస్తేనో, ఐదు రోజులే తడిస్తేనో అప్పుడు తప్పినట్టు.

ఇక్కడ అపవాదుకు మూలమైన లోపం బయటపడుతుంది. సూచనను ఒక్క రోజుతో తూచలేరు, మనుషులు తూచేది ఒక్క రోజుతోనే. అదీ జ్ఞాపకంలో మిగిలిన రోజుతో. పెళ్లి ఊరేగింపు తడిసిన సాయంత్రం పదేళ్లు గుర్తుంటుంది. వాన లేదన్న మాట నమ్మి ఇబ్బంది లేకుండా ఆఫీసుకు వెళ్లొచ్చిన వందల రోజులు ఎవరికీ గుర్తుండవు. ఉగాదినాడు పంచాంగంలో ఈ ఏడు ఇన్ని ఆఢకాల వాన అని చదివితే సంవత్సరాంతంలో దాన్ని వానమాపకంతో పోల్చి చూసేవారు లేరు. వాతావరణ శాఖ మాత్రం తన అంచనాలను జరిగినదానితో పోల్చి ప్రచురిస్తుంది. 2023 నైరుతి కాలానికి ఏప్రిల్‌లో దేశ సగటులో 96 శాతం వాన అంది, 94 శాతం పడింది. 2024కు 106 శాతం అంది, 108 శాతం పడింది. ప్రతి ఏడూ ఇంత దగ్గరగా రాదు, రాకపోతే ఆ తేడానూ వెల్లడిస్తుంది. అయితే ఈ రుతు అంచనాకూ, శనివారం శ్రీశైలం వెళ్లాలా వద్దా అన్నదానికీ సంబంధం లేదు.

‘ఎంత శాతం నిజమైంది’ అని అడగడం కూడా అనుకున్నంత తేలిక ప్రశ్న కాదు. 1884లో అమెరికా సైన్యం సిగ్నల్ సర్వీసులో పనిచేసిన జాన్ ఫిన్లీ టోర్నడోల మీద 2,803 సూచనలు చేసి 96.6 శాతం సరిపోయాయని ప్రకటించాడు. ప్రతిసారీ ‘టోర్నడో రాదు’ అని కళ్లు మూసుకుని చెప్పినా 98.2 శాతం సరిపోయేదని విమర్శకులు వెంటనే చూపించారు. తెలుగునాటికీ ఇది పూర్తిగా వర్తిస్తుంది. హైదరాబాద్‌లో ఏడాది మొత్తం మీద 2.5 మిల్లీమీటర్లు మించి వాన పడే రోజులు సుమారు 50. రోజూ ‘ఇవాళ పడదు’ అనేవాడు ఏ పరికరమూ లేకుండా 86 శాతం రోజులు గెలుస్తాడు. వాతావరణ శాఖ మాట నమ్మడం మానేసి హాయిగా ఉన్నానని చెప్పేవారి అనుభవం వెనుక ఉన్నది ఈ అంకే. రోజూ పడదనేవాడు ఓడిపోయే 14 శాతం రోజుల్లోనే 2000 ఆగస్టు 24 ఉంది, ఆనాడు బేగంపేటలో 24 సెంటీమీటర్లు దాటింది. 2020 అక్టోబరు 13 కూడా ఉంది, ఆ రోజు ఘట్‌కేసర్‌లో 32 సెంటీమీటర్లు కురిసి నగరంలో కాలనీలకు కాలనీలు మునిగాయి. సూచన విలువ ఆ కొద్ది రోజుల్లో తేలుతుంది.

అన్ని వానలూ ఒకే తీరుగా తెలియవు. ఈ భేదం తెలియకపోవడమే ప్రయాణికులను ఎక్కువగా ఇబ్బంది పెడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో, రుతుపవనాల విరామాల్లో మధ్యాహ్నం ఎండకు నేల కాగి, తేమ గాలి పైకి లేచి క్యుములోనింబస్ మేఘాలు కడతాయి. గంటలోపే పుట్టి, కురిసి, చెదిరిపోతాయి. పొయ్యి మీది గిన్నెలో నీళ్లు మరుగుతాయని చెప్పవచ్చు, మొదటి బుడగ ఏ మూల లేస్తుందో చెప్పలేం. అలాగే ఈ వానలు జిల్లాలో పడతాయని ముందు రోజే తెలుస్తుంది, మియాపూర్‌లోనా ఎల్బీనగర్‌లోనా అన్నది మేఘం లేచాక గానీ తెలియదు. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడి వాయుగుండమై తీరం వైపు కదిలినప్పుడు కథ వేరు. వందల కిలోమీటర్ల వెడల్పున్న ఆ వ్యవస్థను ఉపగ్రహాలు రోజుల తరబడి చూస్తూనే ఉంటాయి. ఏ జిల్లాలకు ఎప్పుడు ముప్పన్నది మూడు నాలుగు రోజుల ముందే చాలావరకు తేలుతుంది. వేసవి జల్లు విషయంలో వచ్చిన అపనమ్మకాన్ని తీసుకెళ్లి ఆగస్టు వాయుగుండానికి అంటగట్టడం ప్రమాదకరమైన పొరపాటు.

రోజురోజుకూ మాట మారుస్తారన్నది మరో ఆరోపణ. సోమవారం చెప్పిన శుక్రవారపు సూచన గురువారానికి మారితే అది నిలకడ లేకపోవడం కాదు, కొత్తగా అందిన కొలతలతో లెక్క మళ్లీ వేయడం. గాలి కొలతల్లో ఉండే అతిచిన్న తేడాలు రోజులు గడిచేకొద్దీ పెద్దవై అంచనాను దారి మళ్లిస్తాయని వాతావరణ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ 1963లోనే చూపించాడు. రెండు వారాలకు మించి ఫలానా రోజు వాతావరణం చెప్పడం కుదరదన్న అవగాహనకు ఆయన పనే పునాది. అందుకే దూరపు సూచన దేనికి పనికొస్తుందో దానికే వాడాలి. వారం ముందు చూసేది టికెట్టు రద్దు చేసుకోవడానికి గడువు ఎప్పటివరకు ఉందో కనుక్కోవడానికి. రెండు రోజుల ముందు చూసేది దారి, వేళ నిర్ణయించడానికి. బయల్దేరే గంటలో చూడాల్సింది మూడు గంటల ముందస్తు సూచననూ, డాప్లర్ రాడార్ చిత్రాన్నీ. హైదరాబాద్, మచిలీపట్నం, విశాఖపట్నం రాడార్ల చిత్రాలు వాతావరణ శాఖ సైటులో ఎవరైనా చూడవచ్చు. కొన్ని నిమిషాలకోసారి మారే ఆ బొమ్మలో వాన ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు సాగుతోందో చదువు రాని కళ్లకు కూడా తెలుస్తుంది. పది రోజుల తర్వాత సాయంత్రం ఐదింటికి వాన అని మేఘం బొమ్మ వేసి చూపించే యాప్‌ను మాత్రం ఆ గంట వరకు నమ్మకూడదు. యాప్‌లు తలో నమూనా నుంచి అంకెలు తెచ్చుకుంటాయి, రెండు యాప్‌లు రెండు మాటలు చెప్పడం అందువల్లనే. అంత దూరానికి గంట లెక్క చెప్పేంత జ్ఞానం ఏ నమూనాకూ లేదు.

ఇంతా విని ‘సరే, 30 శాతం అంటే వెళ్లాలా మానాలా’ అని అడిగేవారుంటారు. సూచన జవాబు చెప్పాల్సిన ప్రశ్న కాదది. వాన అవకాశం అందరికీ ఒకటే కావచ్చు గాని, తడిస్తే కలిగే నష్టం, తడవకుండా ఉండటానికి అయ్యే ఖర్చు మనిషి మనిషికీ వేరు. కూకట్‌పల్లి నుంచి సికింద్రాబాద్ స్టేషన్‌కు వెళ్లి రాత్రి రైలు ఎక్కాల్సిన కుటుంబం గంట ముందు బయల్దేరితే పోయేది ఒక గంట. వానకు ట్రాఫిక్‌లో చిక్కుకుని రైలు తప్పితే పోయేది టికెట్ల డబ్బు, మర్నాటి పెళ్లి ముహూర్తం. వారికి 30 శాతం కాదు, 15 శాతం అవకాశం ఉన్నా గంట ముందు బయల్దేరడమే తెలివి. అదే 30 శాతం చూసి, నెల ముందు గదులు బుక్ చేసుకున్న అరకు ప్రయాణాన్ని మానుకోవడం దండగ, ఎందుకంటే అక్కడ జల్లు పడితే జరిగే నష్టం తడిసిన చొక్కా. జాగ్రత్తకయ్యే ఖర్చును నష్టంతో భాగిస్తే వచ్చేదే ఆ మనిషి గీత. వంద రూపాయల అదనపు ఖర్చు వెయ్యి రూపాయల నష్టాన్ని ఆపగలిగితే, అవకాశం పది శాతం దాటగానే ఆ వంద ఖర్చుపెట్టాలి. ఆ తర్వాత వాన పడకపోయినా ఆ నిర్ణయం తప్పు కాదు. వంద రూపాయల దగ్గరే ఆగి ‘అనవసరంగా పోయింది’ అని లెక్కవేసేవారు మిగతా రోజుల్లో మిగిలిన వేలను చూడరు.

ఈ లెక్క అందరికీ ఒకే సౌకర్యంగా ఉండదన్నది ఒప్పుకోవాలి. ఇంటి నుంచి పనిచేసే వీలున్న ఉద్యోగికి ఆరెంజ్ అలర్ట్ రోజున బయటకు రాకపోవడానికి అయ్యే ఖర్చు దాదాపు సున్నా. బైకు మీద భోజనం పార్శిళ్లు చేరవేసే కుర్రాడికి, అడ్డా మీద నిలబడే కూలీకి, తోపుడు బండి నడిపేవారికి ఇంట్లో ఉండటం అంటే ఆ పూట సంపాదన మొత్తం పోవడం. అందుకే ‘అందరూ ఇళ్లలోనే ఉండండి’ అన్న సలహా కన్నా ‘నాలుగింటి నుంచి ఏడింటి దాకా, నగరం పడమటి భాగంలో’ అన్న మాట వారికి ఎక్కువ మేలు చేస్తుంది. మూడు గంటల ముందస్తు సూచన పుట్టింది అలాంటి అవసరాలకే. పిడుగుల విషయంలో పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ తెచ్చిన దామిని యాప్, ఆంధ్రప్రదేశ్ విపత్తుల నిర్వహణ సంస్థ ఫోన్లకు పంపే హెచ్చరికలు చెట్టు కింద ఆగాలా వద్దా అన్నది అప్పటికప్పుడు తేల్చుకునే వీలిస్తున్నాయి. వీటిని పట్టించుకోవడం నామోషీ అనిపించేలా చేస్తున్నది ఈ వ్యాసం ఖండిస్తున్న ఆ అభిప్రాయమే.

అనవసరపు హెచ్చరికల వల్లే నమ్మకం పోయిందని వాదించేవారు మరో కోణం చూడాలి. హెచ్చరించాక వాన రాకపోవడం, హెచ్చరించకుండానే ముంచెత్తడం ఒకే బరువున్న తప్పులు కావు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమలో దాదాపు పదివేల ప్రాణాలు తీసింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం నగరం మీదే తీరం దాటినా మృతులు పదుల్లో ఉన్నారు. తుపాను గురించి రోజుల ముందే తెలియడం, తెలిసిన దాన్ని బట్టి జనాన్ని తరలించడం ఆ తేడాకు ప్రధాన కారణాలు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటే ముందే దక్షిణ మధ్య రైల్వే వందకు పైగా రైళ్లను రద్దు చేసింది. తుపాను కొంచెం పక్కకు జరిగి ఉంటే ఆ రద్దును కూడా జనం అతి జాగ్రత్త అనే అనేవారు. ముప్పు పెద్దదైనప్పుడు హెచ్చరిక ముందుకే మొగ్గాలి, మొగ్గడమే దాని పని.

ప్రయాణాలు ప్రధానంగా చెడేది తలమీద పడే వానతో కాదు, దారికి అడ్డం పారే నీటితో. ఈ సంగతి మరచినవారు తమ ఊరి సూచన చూసుకుని నిశ్చింతగా బయల్దేరతారు. 2005 అక్టోబరు 29న వలిగొండ దగ్గర డెల్టా ప్యాసింజర్ రైలు పట్టాలు తప్పి వందమందికి పైగా చనిపోయారు. ఎగువన చెరువు తెగి వచ్చిన వరదకు చిన్న వంతెన కొట్టుకుపోయింది. 2021 నవంబరు 19 తెల్లవారుజామున అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, చెయ్యేరు వరదలో రాజంపేట ప్రాంతంలో ఆర్టీసీ బస్సులు చిక్కుకున్నాయి. ప్రయాణికులు ప్రాణాలు కోల్పోయారు. 2023 జులై చివరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64.9 సెంటీమీటర్లు కురిసింది. ఆ రోజుల్లోనే మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరంలో హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి మీదికి ఎక్కింది. విజయవాడకు వెళ్లేవారు విజయవాడ సూచన చూస్తే చాలదన్నది ఇక్కడ తెలుస్తుంది. మున్నేరుకు ఎగువనున్న వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం జిల్లాల్లో ముందు రోజు ఏం పడింది, ఇవాళ ఏం పడబోతోంది అన్నవే ఐతవరంలో రోడ్డు తెరిచి ఉంటుందా లేదా అన్నది నిర్ణయిస్తాయి.

గోదావరి దారుల్లో ఇదే సంగతి మరింత స్పష్టం. భద్రాచలంలో నీటిమట్టం 43 అడుగులకు మొదటి, 48కి రెండో, 53కి మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 2022 జులైలో అది 71 అడుగులు దాటి వంతెన మీద రాకపోకలు ఆపేశారు. ఆ నీరు మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, ఉత్తర తెలంగాణ వానలది. 2019 సెప్టెంబరు 15న పాపికొండల విహారానికి వెళ్లిన బోటు కచ్చులూరు దగ్గర మునిగినప్పుడు కూడా గోదావరి ఎగువ వరదతో పోటెత్తుతోంది. తల మీద ఆకాశం తేటగా ఉంటే ప్రయాణం క్షేమమనుకునే పాత నమ్మకానికి ఇక్కడ చోటు లేదు. అడుగు లోతున వేగంగా పారే నీరు చిన్న కారును తేల్చగలదు, రెండడుగులైతే చాలా వాహనాలను ఈడ్చుకుపోతుంది. రోజూ దాటే కాజ్‌వే అన్న ధీమా నీటికి పట్టదు.

వాతావరణ శాఖను విమర్శించడానికి సరైన కారణాలు లేకపోలేదు. 24 గంటల మొత్తాన్ని బట్టి పెట్టిన పేర్లు నగరాలకు సరిపోవడం లేదు. ఐదు సెంటీమీటర్లు రోజంతా కురిసినా, ఒక్క గంటలో కురిసినా పేరు మోస్తరు వానే. మొదటిదానికి రోడ్డు తడుస్తుంది, రెండోదానికి అమీర్‌పేట, ఖైరతాబాద్ చౌరస్తాల్లో బైకులు మునుగుతాయి. సూచనల తెలుగు బడిపుస్తకాల తెలుగులా ఉండి, అవకాశాల మెట్లను ఒకే వాక్యంలో కలిపేస్తోంది. ఒక్కో జిల్లాకు ఇచ్చిన హెచ్చరికలు ఎన్ని నిలిచాయో, ఎన్ని నిలవలేదో ఆ జిల్లావారికి తెలుగులో ఏటా చెప్పాలి. సామాజిక మాధ్యమాల్లో పేరు తెచ్చుకున్న ఔత్సాహికులు ఇవే నమూనాలు, ఇవే రాడార్లు చూసి, ‘నాలుగు దాటాక పడమర నుంచి వస్తోంది, గంటలో వెళ్లిపోతుంది’ అని వాడుక మాటల్లో చెబుతారు. జనం వారి మాట వినడానికి కారణం వారి విజ్ఞానం ఎక్కువ కావడం కాదు, మాట సూటిగా ఉండటం. ఈ పాఠం ప్రభుత్వ కేంద్రాలు నేర్చుకోవాలి. ఈ విమర్శలన్నీ సూచనను ఇంకా బాగా వాడుకోవాలని కోరేవి, దాన్ని పక్కన పడేయమనేవి కావు.

ఒక మామూలు ప్రయాణం తీసుకుంటే ఇవన్నీ ఎలా కలిసొస్తాయో కనిపిస్తుంది. ఆగస్టు నెల, బంగాళాఖాతంలో అల్పపీడనం, హైదరాబాద్ నుంచి విజయవాడకు కారు ప్రయాణం. రెండు రోజుల ముందు చూడాల్సింది బయల్దేరే ఊరినీ చేరే ఊరినీ కాదు, నడుమనున్న సూర్యాపేట, ఎన్టీఆర్ జిల్లాలనూ, ఎగువనున్న మహబూబాబాద్, ఖమ్మం జిల్లాలనూ. అక్కడ ‘చాలా చోట్ల’ అన్న మాట, నారింజ లేదా ఎరుపు రంగు ఉంటే ప్రయాణం ఒక రోజు వాయిదా వేసే వీలుందేమో ఆలోచించాలి. వీలు లేకపోతే పగటిపూట పెట్టుకోవాలి, రాత్రి చీకట్లో రోడ్డు మీద నీటి లోతు తెలియదు. బయల్దేరే ఉదయం 8:30 తర్వాత వచ్చే కొత్త బులెటిన్‌నూ, వర్షపాతం పట్టికనూ చూడాలి. చివరిసారి చూసుకోవాల్సిన చోటు నార్కెట్‌పల్లి. 2024 సెప్టెంబరు మొదట్లో మున్నేరు వరదతో జాతీయ రహదారి తెగినప్పుడు వాహనాలను మిర్యాలగూడ, పిడుగురాళ్ల, గుంటూరు మీదుగా మళ్లించింది అక్కడి నుంచే. కోదాడ దాకా వెళ్లాక రోడ్డు మూసేశారని తెలిస్తే వెనక్కి వచ్చి ఆ దారి పట్టడానికి సగం రోజు పోతుంది. కనుక ఐతవరం దగ్గర నీటి సంగతి, ముందున్న మూడు గంటల సూచన నార్కెట్‌పల్లిలో ఆగి కనుక్కుని, అక్కడే దారి తేల్చుకోవాలి.